తమ్ముళ్ళ కోసం పుట్టిన తోడేళ్ళ మంద

అన్నయ్య వీధిలోకి అడుగు పెడితే చాలు, తమ్ముడు చెప్పులేసుకుని తయారు. "నువ్వు చిన్నవాడివిరా, పెద్దయ్యాక వద్దువుగాని" అంటే వింటాడా? గుమ్మంలో కూలబడి రాగం అందుకుంటాడు. ఇంగ్లండులో తమ్ముళ్ళూ ఇంతే. కాకపోతే వాళ్ళ ఏడుపులోంచి ఒక ఉద్యమమే పుట్టుకొచ్చింది.

బేడెన్ పవెల్ అనే సైనికాధికారి 1907లో బ్రౌన్‌సీ దీవిలో ఓ ఇరవై మంది కుర్రాళ్ళతో శిబిరం వేశాడు. మరుసటేడు పుస్తకం రాశాడు. ఇంకేముంది, ఊరూరా స్కౌటు దళాలు వెలిశాయి. వాటిలో చేరాలంటే పది పదకొండేళ్ళు ఉండాలి. ఏడేళ్ళ తమ్ముళ్ళు మాత్రం అన్నల వెనకాల నక్కి, తరమగా తరమగా మళ్ళీ ప్రత్యక్షమయ్యేవారు.

పెద్దవాళ్ళ చొక్కా కత్తిరించి పసివాడికి తొడిగితే బావుండదు కదా! 1914లో వేసిన మొదటి పథకం అచ్చం అలాంటిదే. దాన్ని పక్కన పెట్టి, పవెల్ తన స్నేహితుడు కిప్లింగు అనుమతితో 'జంగిల్ బుక్' కథని అందులోకి దించాడు. 1916లో తోడేలు పిల్లల దళం ఖాయమైంది. మగవాళ్ళంతా యుద్ధానికి పోయిన రోజులవి. అందుకని దళాలు నడపడం చాలాచోట్ల ఆడవాళ్ళ మీద పడింది. వేరా బార్క్‌లే అనే యువతి ఈ పథకానికి రూపం ఇవ్వడంలో పవెల్‌కి కుడిభుజమైంది.

ఆరుగురు పిల్లలు ఒక జట్టు, వాళ్ళలో ఒకడు నాయకుడు. రెండు వేళ్ళెత్తి సలాము చేస్తే అవి తోడేలు చెవులన్నమాట! దళాన్ని నడిపే పెద్ద పేరు అకేలా. అందరూ గుండ్రంగా గొంతుక్కూచుని, శాయశక్తులా పాటుపడతామని అరుస్తారు. ముడులు వెయ్యడం, పళ్ళు తోముకోవడం, రోజుకో మంచిపని చెయ్యడం, ఇవీ చదువులు. ఇందులో సగం చదువు ఇంట్లోనే. వాడు మంచిపని చేశాడో లేదో అమ్మకి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది?

అకేలా, బాలూ, హాథీ — అన్నీ మన హిందీ మాటలే. కథ జరిగేది మధ్యప్రదేశ్‌లోని సివనీ అడవుల్లో. లండన్ పిల్లలు మన అడవి పేర్లు పెట్టుకుని కూతలు పెడుతుంటే, ఆ అడవి ఉన్న దేశంలో పిల్లలకి ప్రవేశం లేదు! 1909 నుంచీ ఇక్కడ దళాలున్నా అవి దొరల పిల్లలకీ, ఆంగ్లో ఇండియన్లకీ మాత్రమే. మనవాళ్ళకి కవాతు నేర్పితే రేపు తిరగబడతారేమోనని భయం. తమ్ముణ్ణి గుమ్మంలో ఆపేసినట్టే. ఈ తమ్ముడు ఏడుస్తూ కూచోలేదు లెండి. 1917లో అనీబిసెంటు మద్రాసులో మన పిల్లల కోసం వేరే సంఘమే పెట్టింది. 1918లో మాలవ్యా, కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ అలహాబాదులో సేవా సమితి దళాలు లేవదీశారు. 1921లో పవెల్ స్వయంగా వచ్చేసరికి మూసిన తలుపు తెరవక తప్పలేదు. అయినా సంఘాలన్నీ ఒక్కటి కావడానికి స్వతంత్రం వచ్చి, 1950 నవంబరు 7 రావాల్సి వచ్చింది. ఇప్పుడు మగపిల్లలు కబ్బులు, ఆడపిల్లలు బుల్‌బుల్‌లు.

నేనూ కొన్నాళ్ళు తోడేలు పిల్లనే! మా అకేలా డ్రిల్లు మేష్టారు. హిందీ పరీక్షలు ప్యాసైన మా అమ్మ ఆ పేరు విని, "ఏం నాన్నా, మీ మేష్టారికి పాపం ఎవరూ లేరా, ఒంటరివాడా?" అని నవ్వింది.

పొద్దున్నే మెడలో స్కార్ఫు కొసకి చిన్న ముడి వేసుకోవాలనీ, మంచిపని చేశాకే విప్పాలనీ ఆయన నియమం. ఓ రోజు ఆటల్లో పడి మర్చిపోయాను. రాత్రి పక్క ఎక్కబోతూ ముడి చూసుకుని బావురుమన్నాను. అప్పుడే వంటిల్లు కడిగి వచ్చిన అమ్మ మంచమ్మీద కూచుని కాళ్ళు చాపింది.

"ఏడవకు. కాసేపు నా కాళ్ళు పట్టు" అంది.

పట్టాను. ఎంతసేపు పట్టానో తెలీదు, అక్కడే నిద్రపోయాను. తెల్లారి చూస్తే ముడి విప్పేసి ఉంది.