అతుకుల బంతి

1930 జులై 30. మాంటెవీడియోలో మొట్టమొదటి ఫుట్‌బాల్ ప్రపంచకప్పు ఫైనల్. మా బంతితోనే ఆడాలని ఉరుగ్వే, కాదు మా బంతితోనే అని అర్జెంటీనా పట్టుబట్టాయి. చివరికి కుదిరిన రాజీ ఏమిటంటే, మొదటి సగం అర్జెంటీనా బంతితో, రెండో సగం ఉరుగ్వే బంతితో. తమ బంతితో ఆడినంతసేపూ అర్జెంటీనాది 2-1 ఆధిక్యం. బంతి మారాక ఉరుగ్వే మూడు గోల్స్ కొట్టి 4-2తో కప్పు ఎత్తుకుపోయింది. బంతి వల్లే గెలిచారని ఎవరూ రుజువు చెయ్యలేరు. కానీ ‘ఈ బంతి ఎవరి కోసం?’ అనే ప్రశ్న ఆ రోజు నుంచీ ఈ ఆటను వదల్లేదు.

1970 నుంచి ప్రతి ప్రపంచకప్పుకూ అడిడాస్ ఒక కొత్త బంతి దింపుతోంది. కొత్త పేరు, కొత్త రంగులు, ముందటి దానికంటే ఇది మరింత గుండ్రమని ప్రకటన. అందుకే బంతి చరిత్రను మెరుగుదలల జాబితాలా చెప్పడం అలవాటైపోయింది. నాకు మాత్రం అది అతుకుల చరిత్రలా కనబడుతుంది. అతుకు అంటే మనకు చిన్నచూపు కదా, ‘అతుకుల బొంత’ అంటే అందులో మెచ్చుకోలేమీ ఉండదు. బంతిని తయారుచేసేవాళ్ళూ చాలాకాలం అలాగే అనుకున్నారు.

తొలి రోజుల్లో తోలు ముక్కలు కలిపి కుట్టి, లోపల రబ్బరు బ్లాడరు పెట్టి, గాలి కొట్టి, మూతిని లేసుతో బిగించేవాళ్ళు. ఆ లేసు ఉన్నవైపు తలతో కొడితే నుదురు గీరుకుపోయేది. అర్జెంటీనాలోని బెల్ విల్ అనే ఊళ్ళో ముగ్గురు మిత్రులు 1931లో లేసు అక్కర్లేని బంతి కనిపెట్టారు. ప్రపంచకప్పులోకి అలాంటిది 1950లో గానీ రాలేదు. వాన పడితే ఇంకో బాధ, తోలు నీళ్ళు తాగి బరువెక్కేది. నిబంధన ప్రకారం బంతి 410 నుంచి 450 గ్రాములుండాలి, కానీ ఆ తూకం ఆట మొదలయ్యేటప్పటిదే. కోనసీమ ఒండ్రు నేల మీద శ్రావణమాసపు వానలో ఆ తోలు బంతి ఎలా ఉండేదో ఊహించడానికి సైన్సేమీ అక్కర్లేదు.

అలాంటి బంతిని మనవాళ్ళు ఉత్త కాళ్ళతో ఆడారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఎక్కువమంది బూట్లు లేకుండానే దిగి, రెండు పెనాల్టీలు పోగొట్టుకుని, ఫ్రాన్స్ చేతిలో 2-1 తేడాతోనే ఓడారు. 1952లో హెల్సింకీ చలిలో యుగోస్లావియా 10-1తో చిత్తు చేసింది. ఆ తర్వాతే మన జట్టుకు బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఆ జట్టును నిలబెట్టినవాడు హైదరాబాదు సిటీ పోలీస్ కోచ్, ఒకప్పటి బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన శిక్షణలో భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చుకుంది. మరుసటి జూన్‌లో రహీం క్యాన్సర్‌తో పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ స్వర్ణం రాలేదు.

రహీం పోయిన ఏడేళ్ళకు, 1970 మెక్సికో కప్పులో, బంతి రూపం మారింది. ఈసారి కాలి కోసం కాదు, కంటి కోసం. బ్లాక్ అండ్ వైట్ టీవీల్లో స్పష్టంగా కనబడాలని పన్నెండు నల్లటి పంచభుజాలు, ఇరవై తెల్లటి షడ్భుజాలు కలిపి కుట్టిన బంతిని దింపారు. దాని పేరు టెల్‌స్టార్, అది టీవీ ప్రసారాలు మోసిన ఉపగ్రహం పేరు. ఆ కూర్పు అప్పటికే యూరప్‌లో ఉన్నదే. దాని వెనక లెక్క ఇంకా పాతది. షడ్భుజాలు ఎన్ని అతికినా అవి చాపలా పరుచుకుంటాయి తప్ప మూసుకుని గుండ్రం కావు, మధ్యలో సరిగ్గా పన్నెండు పంచభుజాలు పడాలి. ముప్ఫై రెండు ముక్కలు, తొంభై అతుకులు. మైదానంలో మన జట్టు వెనకబడుతున్న రోజుల్లోనే బంతిని ఆటగాడికంటే ప్రేక్షకుడి కోసం దిద్దడం మొదలైంది. దూరదర్శన్ పుణ్యమా అని మనమూ ఆ ప్రేక్షకుల్లో చేరాం. 1986లో మారడోనాను మనవాళ్ళు టీవీలో చూసేనాటికి బంతిలో తోలు కూడా పోయింది. ఆ ఏటి అజ్టెకా ప్రపంచకప్పుల్లో మొదటి పూర్తి సింథటిక్ బంతి. అయినా ఇవాళ్టికీ ఏ పిల్లాణ్ణి ఫుట్‌బాల్ బొమ్మ గియ్యమన్నా నలుపు తెలుపుల టెల్‌స్టారే గీస్తాడు.

మరి ఆ తొంభై అతుకులు వేసిందెవరు? ప్రపంచంలో చేత్తో కుట్టిన ఫుట్‌బాళ్ళలో పెద్ద వాటా పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌ది. దేశవిభజనప్పుడు అక్కణ్ణుంచి వలస వచ్చిన పనివాళ్ళతోనే మన జలంధర్‌లో ఈ పరిశ్రమ పెరిగింది. బంతిని లోపలి వైపు బయటికి ఉంచి కుడతారు, చివర్లో తిరగేస్తారు. ఆఖరి అతుకు మాత్రం బయట నుంచే వేసి, ముడి కనబడకుండా లోపలికి దించాలి. అసలు పనితనమంతా అక్కడే. చాలాకాలం ఈ పని ఇళ్ళలోనే, బంతికింత అనే కూలి మీద నడిచింది.

ఈ పద్ధతి గోదావరి డెల్టాకు కొత్తేమీ కాదు. నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు పందొమ్మిదో శతాబ్దం నుంచీ క్రోషే సూదితో లేసు అల్లుతున్నారు. మిషనరీలు నేర్పిన విద్య అది. ఏజెంటు దారం ఇచ్చిపోతాడు, అల్లినదాన్ని లెక్కగట్టి పట్టుకుపోతాడు, సరుకు సముద్రాలు దాటుతుంది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఈ ఊళ్ళలో తిరిగి 1982లో ఒక పుస్తకం రాసింది. ఆమె వాదన సూటిగా ఉంటుంది. ఈ ఆడవాళ్ళను ‘ఇంట్లో ఊరికే కూర్చున్నవాళ్ళు’గా లెక్కేస్తారు కాబట్టి, వాళ్ళ పనిని తీరిక వేళ కాలక్షేపంగా చూస్తారు కాబట్టి, కూలి అంత తక్కువ. పని కనబడుతూనే ఉంటుంది, పనివాళ్ళే కనబడరు.

సియాల్‌కోట్‌లో ఒకరోజు పనివాళ్ళు కనబడ్డారు. 1996లో ‘లైఫ్’ పత్రిక బంతి కుడుతున్న ఒక పిల్లవాడి ఫోటో వేసింది. ప్రపంచం ఉలిక్కిపడింది. 1997లో అట్లాంటాలో కుదిరిన ఒప్పందంతో కుట్టుపని ఇళ్ళలోంచి తనిఖీ ఉండే కేంద్రాలకు మారింది. పిల్లలకు మేలే జరిగింది. కానీ ఇల్లు కదలడానికి వీల్లేని చాలామంది ఆడవాళ్ళకు ఆ కాస్త సంపాదనా పోయింది. నరసాపురం తెలిసినవాళ్ళు ఈ నష్టాన్ని ముందే ఊహించగలిగేవారు.

ఆ తర్వాత అతుకుల మీదే వేటు పడింది. 2006 టీంగైస్ట్‌లో ముక్కలు పద్నాలుగుకు తగ్గాయి, దారం పోయి వేడితో అతికించడం వచ్చింది. 2010 దక్షిణాఫ్రికా కప్పుకు వచ్చిన జబులానీలో ఎనిమిదే ముక్కలు. అంత నున్నటి, అంత గుండ్రటి బంతి అంతకు ముందు లేదన్నారు. తీరా ఆట మొదలుకాకముందే గోల్‌కీపర్లు గగ్గోలు పెట్టారు. ఇది సూపర్‌మార్కెట్లో కొనుక్కొచ్చే బంతిలా ఉందని బ్రెజిల్ కీపర్ జూలియో సీజర్ విసుక్కున్నాడు. తిన్నగా వస్తున్న బంతి ఉన్నట్టుండి పక్కకు జారుతోందని వాళ్ళ ఫిర్యాదు.

ఊలు బంతితో బాల్ బ్యాడ్మింటన్ ఆడిన మన జిల్లాల వాళ్ళకు గాలి బంతినెలా ఆడిస్తుందో చెప్పక్కర్లేదు. ఎగురుతున్న బంతి ఒంటిని అంటుకుని ఒక పల్చటి గాలి పొర ఉంటుంది. అతుకుల గరుకుదనం ఆ పొరను కలచివేస్తుంది. కలతపడిన పొర బంతిని ఇంకాస్త వెనకదాకా అంటిపెట్టుకుని ఉంటుంది, దాంతో వెనక్కి లాగే బలం తగ్గుతుంది. గోల్ఫ్ బంతికి గుంటలుండేది కూడా ఇందుకే. బంతి నున్నగా ఉంటే ఈ మార్పు మరీ ఎక్కువ వేగం దగ్గర గానీ రాదు. ఆ వేగానికి అటూ ఇటూగా, పెద్దగా తిరగకుండా వెళ్ళే బంతి తడబడుతుంది. క్రికెట్ బంతి స్వింగు మీద ఏళ్ళ తరబడి పనిచేసిన రబీ మెహతా నాసా ఏమ్స్ కేంద్రంలో పరీక్షించి చూస్తే, జబులానీ తడబాటు గంటకు 70-80 కిలోమీటర్ల దగ్గర కనబడింది. ఫ్రీకిక్కులు పడేది సరిగ్గా ఆ వేగాల్లోనే.

నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పాత కోడ్‌లో ఎందుకుందో తెలియని నాలుగు లైన్లు కనబడితే తీసేయాలని ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది. తీసేశాక, ఇంకెక్కడో ఏదో కూలినప్పుడు గానీ అవి ఏం మోస్తున్నాయో తెలియదు. బంతికి అతుకు అలాంటిదే. ముక్కలు కలపడానికి వేసిన కుట్టు, ఎవరూ అడక్కుండానే, బంతిని గాల్లో తిన్నగా నడిపించే పని కూడా చేసింది.

2014 బ్రజూకాలో ఆ పాఠం కనబడుతుంది. ముక్కలు ఇంకా తగ్గి ఆరే అయ్యాయి, కానీ అతుకులు మెలికలు తిరిగి పొడవయ్యాయి, లోతయ్యాయి. జబులానీ అతుకులన్నీ కలిపితే సుమారు 2 మీటర్లుంటే, బ్రజూకావి 3 మీటర్లు దాటాయి. తడబాటు 50 కిలోమీటర్ల దగ్గరికి దిగింది, గట్టిగా కొట్టిన బంతి మళ్ళీ నమ్మకంగా వెళ్ళింది. 2022 ఖతార్ కప్పు నాటికి బంతి ఇంకో యజమానికి కూడా పనిచేయడం మొదలుపెట్టింది. అల్ రిహ్లా లోపలి సెన్సారు సెకనుకు 500 సార్లు కదలికను నమోదు చేసి రిఫరీల కంప్యూటర్‌కు పంపింది. ఉరుగ్వే మీద పోర్చుగల్ గోల్ తన తల తగిలే పడిందన్నట్టు రొనాల్డో సంబరం చేసుకుంటే, తగల్లేదని బంతే సాక్ష్యం చెప్పింది.

2026 కప్పు కోసం చేసిన ట్రయోండాలో నాలుగే ముక్కలు. గాల్లో నిలకడగా వెళ్ళాలని వాటి మధ్య అతుకులను కావాలనే లోతుగా ఉంచారు, పైన గీతలు కూడా అద్దారు. తొంభై అతుకుల బంతికి ఆ గరుకుదనం కూలి డబ్బుల్లోనే కలిసి వచ్చేది, దానికి వేరే ధర ఉండేది కాదు. ఇప్పుడు అదే పనికి ప్రయోగశాలలు, గాలి సొరంగాలు, డిజైనర్ల బృందాలు కావాలి. ప్రకటనల్లో దాన్ని ఆవిష్కరణ అంటున్నారు. దారంతో ఆ పని చేసిన చేతులకు ఆ మాట ఎప్పుడూ దక్కలేదు.