పదేళ్ళ పిల్ల చదివిన 'అమ్మ'

మల్లు స్వరాజ్యం గారు పదేళ్ళ వయసులో గోర్కీ 'అమ్మ' చదివారు. ఆమె గురించిన వ్యాసాలన్నిటిలోనూ దాదాపు ఈ వాక్యం ఉంటుంది. ఆ వెంటనే కథ తుపాకీ దగ్గరికి వెళ్ళిపోతుంది. చదవడం దగ్గర ఎవరూ ఆగరు. సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని కాబట్టి కాబోలు, నాకక్కడే ఆగాలనిపిస్తుంది. 1931లో ఓ భూస్వామి ఇంట పుట్టిన ఆడపిల్ల, నైజాం రాజ్యంలో తెలుగు చదువే కరువైన రోజుల్లో, ఆ రష్యన్ నవలలో ఏం చూసి ఉంటుంది?

డిగ్రీ చదివే రోజుల్లో ఖమ్మంలో నేనూ 'అమ్మ' చదివాను. అప్పుడు నా కళ్ళన్నీ పావెల్ మీదే. తాగుబోతు తండ్రి పోయాక పుస్తకాలు పట్టడం, మేడే నాడు జెండా ఎత్తడం, కోర్టులో ప్రసంగం, సైబీరియా ప్రవాసం. ఒక కుర్రవాడు మనిషిగా ఎదిగే కథ అది అనుకున్నాను. నాకు పాఠం చెప్పినవాళ్ళూ అలాగే చెప్పారు. ముప్పై దాటాక మళ్ళీ తెరిస్తే తెలిసింది, ఆ నవలలో ఎదిగేది తల్లి. మొగుడి చేత దెబ్బలు తిని తిని ఒదిగి నడవడం అలవాటైన నీలొవ్నా నలభై ఏళ్ళ వయసులో, సిగ్గుపడుతూ, దాచుకుంటూ అక్షరాలు దిద్దుతుంది. కరపత్రాలు ఫ్యాక్టరీలోకి చేరవేస్తుంది. చివరికి రైల్వేస్టేషన్లో కొడుకు ప్రసంగం అచ్చువేసిన కాగితాలు జనం మీదికి విసురుతుంది. ఎదుగుదల నవల అంటే పదహారేళ్ళ నాయకుడే అనుకునే మనకి 1906లో గోర్కీ రాసినది ఇప్పటికీ కొత్తే. అయినా నాకో పేచీ ఉంది. ఆమె కొడుకు వేసిన దారిలోనే నడుస్తుంది. పుస్తకానికి పేరు పెట్టే వేళకి నీలొవ్నా పోయి అమ్మే మిగిలింది.

క్రొవ్విడి లింగరాజు గారి తెలుగు అనువాదం తెల్లప్రభుత్వ నిషేధానికి గురైంది. అలాంటి నవలకి స్వరాజ్యం గారి స్పందన మరుసటి ఏడే కనిపిస్తుంది. వెట్టి పోవాలని ఆంధ్ర మహాసభ పిలుపునిస్తే, పదకొండేళ్ళ ఆ పిల్ల ఇంటి కట్టుబాటు దాటి వెట్టివాళ్ళకి బియ్యం పంచింది. గోర్కీ నవలలో యజమానులు ఎక్కడో ఫ్యాక్టరీలో ఉంటారు. ఈ పాఠకురాలికి మాత్రం దొరతనం తన ఇంటి గాదె దగ్గరే కనిపించింది. నవల ఇవ్వని పాఠం అది. ఆమె కలిపి చదువుకుంది.

1948 సెప్టెంబరులో సైన్యం దిగాక దళాలు మైదానాలు వదిలి గోదావరి అడవుల్లోకి మళ్ళాయి. ఇల్లందు, పాల్వంచ అడవులు నైజాంవి. ఏరు దాటితే భద్రాచలం మద్రాసు రాష్ట్రం, 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో భాగం. అడవి పిల్లకి ఆ సరిహద్దు ఎప్పుడూ పట్టలేదు, పోలీసులకే పట్టింది. తలకి పదివేల రూపాయల వెల కట్టిన పదిహేడేళ్ళ పిల్లని ఆ కాలపు జనం రాజక్క అన్నారు.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెరిచినప్పుడల్లా నేను కమలమ్మ దగ్గర ఆగిపోతాను. దళంతో అడవిలో తిరుగుతూ ఆమె కన్నబిడ్డని పరాయి చేతుల్లో పెట్టవలసి వచ్చింది. నీలొవ్నాకి ఉద్యమం కొడుకుని మళ్ళీ ఇచ్చింది. కమలమ్మ దగ్గర తీసుకుంది. 'అమ్మ' నవలని ఆరాధించిన ఉద్యమంలోనే ఇది జరిగింది. 1951లో పోరాటం విరమించాక ఎదిగి వచ్చిన ఆడవాళ్ళని మళ్ళీ ఇంటికే పొమ్మన్నారు. ఆ కోపం ఆ పుస్తకంలో చాలామంది గొంతులో ఉంది.

ఆ గొంతులు ఎక్కువగా మైదానపు స్త్రీలవి. గూడేలు తగలబెట్టి కోయలని శిబిరాల్లోకి తోలిన సంగతి సుందరయ్య గారు 1972లో రాశారు. దళాలకి గంజి పోసి, దారి చూపి, ఆ మంటల్లో ఇల్లు పోగొట్టుకున్న కోయ ఆడపిల్లలు మన పుస్తకాల్లో ఎక్కువగా ఇతరుల జ్ఞాపకాల్లోనే కనిపిస్తారు. వాళ్ళూ ఆ మూడేళ్ళలోనే పెద్దవాళ్ళయ్యారు.

స్వరాజ్యం గారు తన కథ 'నా మాటే తుపాకి తూటా'గా 2019లో చెప్పుకున్నారు. 2022 మార్చి 19న కన్నుమూశారు. ఆ తర్వాత ఓసారి భద్రాచలం వైపు ఒక కాలేజీలో 'అమ్మ' గురించి మాట్లాడాను. ఖొఖోల్ ఆంద్రేయ్ నీలొవ్నాకి అక్షరాలు నేర్పే ఘట్టం చెప్తుంటే ఒక కోయ విద్యార్థిని లేచింది.

"ఏ భాషలో నేర్చుకుంది మేడం? ఇంట్లో మాట్లాడే భాషలోనేనా?"

"అవును, వాళ్ళ భాషలోనే."

"మా అమ్మకీ నలభయ్యే మేడం," అని కూర్చుంది.