సచివాలయం కంప్యూటర్ బాగోగులు ఎవరు చూడాలి?

‘సిస్టమ్ పనిచేయట్లేదండి, రేపు రండి.’ ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసమో, అడంగల్ కోసమో గ్రామ సచివాలయానికి వెళ్లినవారికి ఈ మాట కొత్త కాదు. చాలాసార్లు దాన్ని ‘సర్వర్ సమస్య’ అని సరిపెట్టేసుకుంటాం. తప్పు ఒక్కోసారి సర్వర్‌లో కాదు, బల్ల మీదున్న కంప్యూటర్‌లోనే ఉంటుంది.

ఈ వ్యవస్థ మొదలైంది గోదావరి డెల్టాలోనే. 2019 అక్టోబరు 2న అప్పటి తూర్పు గోదావరి జిల్లా కరపలో తొలి సచివాలయం ప్రారంభమైంది. తర్వాత రాష్ట్రవ్యాప్తంగా గ్రామ, వార్డు సచివాలయాలు కలిపి 15,004 ఏర్పాటయ్యాయి. మండల కేంద్రంలో జరిగే పని ఊళ్లోకి వచ్చింది. దాంతోపాటు కంప్యూటర్లు, ప్రింటర్లు, వేలిముద్రల స్కానర్లూ వచ్చాయి. దరఖాస్తులు నమోదు చేయడానికి డిజిటల్ అసిస్టెంట్ ఉన్నారు. అయితే దరఖాస్తు ఎక్కించడం వేరు, కంప్యూటర్‌ను కాపాడటం వేరు.

స్టాక్ రిజిస్టర్‌లో రాసుకుంటే చాలదా?

చాలదు. ఎప్పుడు కొన్నారో, ఎంతకు కొన్నారో రిజిస్టర్ చెబుతుంది. అందులో చివరిసారి అప్‌డేట్ ఎప్పుడు పడిందో, ఎవరు ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించారో చెప్పదు. కొత్త పద్ధతిలో ప్రతి పరికరాన్నీ ఒక కేంద్ర వ్యవస్థలో నమోదు చేస్తారు. భద్రతా అప్‌డేట్లు అక్కడి నుంచే పంపుతారు. అనుమతి లేని సాఫ్ట్‌వేర్ ఎక్కకుండా ఆపుతారు. ఫోన్ లేదా ట్యాబ్ పోతే, అది ఇంటర్నెట్‌కు తగిలిన వెంటనే అందులోని సమాచారాన్ని దూరం నుంచే చెరిపేస్తారు. ఉద్యోగి బదిలీ అయితే లాగిన్ అదే రోజు మూసేస్తారు. రాసుకున్న పాస్‌వర్డ్ కాగితాన్ని తర్వాత వచ్చినవారికి ఇచ్చి వెళ్లడం బదిలీ కాదు.

అప్‌డేట్ ఆలస్యమైతే ఏమవుతుంది?

2017 మే నెలలో ‘వానాక్రై’ అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని చుట్టేసినప్పుడు రాష్ట్రంలోని కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చిలోనే మరమ్మతు విడుదల చేసింది. అంటే, మందు వచ్చిన రెండు నెలలకు జబ్బు వచ్చింది.

ఇప్పుడు అలాంటి ప్రశ్నే మళ్లీ ముందుకొచ్చింది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. సంస్థలు ఆ తర్వాతా భద్రతా అప్‌డేట్లు కావాలంటే డబ్బు కట్టాలి. లేదంటే విండోస్ 11కు మారాలి. దానికి టీపీఎం 2.0 చిప్, ఇంటెల్ అయితే సాధారణంగా 8వ తరం లేదా ఆపై ప్రాసెసర్ ఉండాలి. ఏ కార్యాలయంలో ఏ మోడల్ ఉందో ఒకచోట లెక్క లేకపోతే, ఎన్ని మార్చాలో, ఎంత ఖర్చవుతుందో అంచనా వేయడమే కుదరదు.

సొంత ఫోన్‌లో ప్రభుత్వ యాప్ సంగతేంటి?

2022 ఆగస్టులో ఉపాధ్యాయుల హాజరుకు ముఖ గుర్తింపు యాప్ తెచ్చినప్పుడు సంఘాలు అడిగింది ఇదే: ప్రభుత్వ పనికి మా ఫోన్, మా డేటా ఎందుకు? అది న్యాయమైన ప్రశ్నే. పరికరాన్ని ప్రభుత్వమే ఇవ్వడం ఒక దారి. ఆండ్రాయిడ్‌లోని ‘వర్క్ ప్రొఫైల్’ ఇంకో దారి. ఇందులో ఆఫీసు యాప్‌లు వేరే అరలో ఉంటాయి. అధికారులు ఆ అరను మాత్రమే నియంత్రించగలరు, చెరపగలరు. కుటుంబ ఫొటోల జోలికి రాలేరు. ఏది ఎంచుకున్నా, ఎవరి ఫోన్‌లో ఏం చూస్తారో ఉద్యోగికి ముందే రాతపూర్వకంగా చెప్పాలి.

డెల్టాకు వరద లెక్క కూడా ఉంది. 2022 జులైలో ధవళేశ్వరం వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంక గ్రామాల్లో నీళ్లొచ్చే చోట ఫైలు ఒక్క హార్డ్‌డిస్క్‌లోనే ఉందంటే, అది ఉన్నట్టు కాదు. సమాచారం ఎప్పటికప్పుడు వేరేచోట నిల్వ కావాలి. బల్ల మీదిది తడిసినా, ఇంకో యంత్రంలో లాగిన్ అయ్యి పని సాగించగలగాలి.

మీ సచివాలయంలో కంప్యూటర్లు ఎప్పటివి, మరమ్మతు ఎవరి బాధ్యత, చివరిసారి ఎప్పుడు బాగుచేశారు? ఇవన్నీ సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయిలో రూ.5, ఆపై రూ.10. జవాబుకు గడువు 30 రోజులు.