సస్తా గిటార్‌కూ ఒక తారీఖ్ ఉంది

"మెహంగా రోయే ఏక్ బార్, సస్తా రోయే బార్ బార్" అని మన పెద్దలు అంటుంటారు. ఖరీదైనది కొన్నవాడు ఒక్కసారే ఏడుస్తాడు, చవకది కొన్నవాడు మాటిమాటికీ ఏడుస్తాడని దాని మతలబు. చెప్పుల విషయంలోనో, కుక్కర్ విషయంలోనో ఇది నిజమే కావొచ్చు. కానీ ఎలక్ట్రిక్ గిటార్ తారీఖ్ చదివినకొద్దీ ఈ సామెత సగమే సచ్ అని నాకు అనిపిస్తోంది. ఆ సాజును దునియా నలుమూలలకీ చేర్చింది సస్తా మాలే. ఆ సస్తా మాలును బాగుచేసుకున్న చేతులే దాని తారీఖ్‌లో సగం రాశాయి.

మన ఇళ్లలో సాజు, సంగీతం అనగానే రెండు రకాల ఖయాల్ ఉన్నాయి. ఆ బహస్ ఇక్కడ పెట్టను. నేను చెప్పేది హునర్ గురించి, పైసల హిసాబు గురించి.

మామూలు గిటార్‌కు చెక్క డబ్బాయే గొంతు. చెక్క మంచిదైతేనే ఆవాజ్ బాగుంటుంది, మంచి చెక్కకు ధర ఎక్కువ. 1931లో లాస్ ఏంజిలెస్‌లో జార్జ్ బీచమ్ అనే సంగీతకారుడు వేరే దారి పట్టాడు. అయస్కాంతం దగ్గర సన్నని రాగి తీగను చుట్టగా చుట్టి, దాని మీదుగా ఉక్కు తీగ కంపించేలా చేశాడు. తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, రాగి చుట్టలో కొద్దిగా కరెంటు పుడుతుంది. ఆ కరెంటును యాంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. ఇదే పికప్. అడాల్ఫ్ రికెన్‌బ్యాకర్‌తో కలిసి 1932లో దాన్ని అమ్మకానికి తెచ్చాడు. గుండ్రటి చిన్న ఒళ్లు, పొడుగాటి మెడ ఉండటంతో జనం దానికి పెనం అని పేరుపెట్టారు. ఆ పెనంతో ఒక హకీకత్ బయటపడింది. గొంతు డబ్బాలో లేదు, తీగలో, పికప్‌లో ఉంది. అంటే డబ్బా చవగ్గా చేసుకోవచ్చు.

ఆ మాటను పూర్తిగా పట్టుకున్నవాడు లియో ఫెండర్. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ ఊళ్లో రేడియోలు మరమ్మతు చేసేవాడు. తనకు గిటార్ వాయించడం రాదు. అందుకే గిటార్‌ను మెకానిక్ కళ్లతో చూశాడు. 1950లో పలక లాంటి గట్టి చెక్కతో ఒక గిటార్ తెచ్చాడు. మరుసటి ఏడు దానికి టెలికాస్టర్ అని పేరు స్థిరపడింది. అందులో మెడను బంకతో అంటించలేదు, నాలుగు స్క్రూలతో బిగించాడు. మెడ పాడైతే విప్పి కొత్తది బిగించుకోవచ్చు. ఈ రోజు మనం అప్‌గ్రేడ్ అంటున్నామే, దాని బునియాద్ ఆ నాలుగు స్క్రూలలోనే ఉంది. విడదీయగలిగినదాన్నే బాగుచేయగలం.

గరీబు ఇళ్లకు గిటార్‌ను చేర్చినవాడు న్యూజెర్సీకి చెందిన నేథన్ డేనియల్. ఆయన కంపెనీ పేరు డేన్‌ఎలెక్ట్రో. చెక్క ఫ్రేముకు పైనా కిందా మేసనైట్ అట్ట బిగించాడు. పికప్‌లను లిప్‌స్టిక్ గొట్టాల్లో పెట్టాడు. సియర్స్ అనే పెద్ద దుకాణం వాటిని సిల్వర్‌టోన్ పేరుతో కేటలాగ్ ద్వారా అమ్మింది. 1962లో వచ్చిన మోడల్‌కు పెట్టెలోనే యాంప్లిఫయర్ అమర్చి ఉండేది. పార్సిల్ విప్పి ప్లగ్ పెడితే చాలు. అట్టముక్కల గిటార్ అని నవ్వినవాళ్లు ఉంటారు. కానీ లెడ్ జెప్పెలిన్ గిటారిస్ట్ జిమ్మీ పేజ్, ఏ గిటారైనా కొనుక్కోగల స్థాయిలో ఉండి కూడా, వేదిక మీద డేన్‌ఎలెక్ట్రో పట్టుకుని వాయించాడు.

ఇదే కర్ఖానా నుంచి మన ముల్కుతో ముడిపడిన ఒక సాజు కూడా వచ్చింది. 1967లో విన్నీ బెల్ అనే గిటారిస్ట్ ఆలోచనతో డేన్‌ఎలెక్ట్రో వాళ్లు కోరల్ పేరుతో ఎలక్ట్రిక్ సితార్ చేశారు. చూడటానికి గిటారే. బ్రిడ్జిని వెడల్పుగా, కాస్త ఒంపుతో చేయడం వల్ల తీగ దాన్ని రాసుకుంటూ జుమ్మంటుంది. మన సితార్ కారీగర్లు దీన్నే జవారీ అంటారు. మహారాష్ట్రలోని మిరజ్‌లో ఈ పని చేసే ముస్లిం కుటుంబాలు ఒకప్పుడు కత్తులకు సానపట్టిన సికల్‌గర్లు. 19వ శతాబ్దం నడుమ కత్తులకు గిరాకీ తగ్గింది. అదే చేతులు సితార్లు, తంబూరాలు చేయడం మొదలుపెట్టాయి. జవారీ అరిగితే బ్రిడ్జిని మళ్లీ అరగదీసి సరిచేస్తారు. అంటే సాజు ఎంత గొప్పదైనా దానికి మరమ్మతు తప్పదు. మరమ్మతు చేయించుకోవడం సాజుకు బేఇజ్జతీ కాదు.

అసలు కొనకుండానే చేసుకున్నవాళ్లూ ఉన్నారు. 1963లో లండన్‌లో బ్రయాన్ మే అనే కుర్రాడు, వాళ్ల అబ్బా హెరాల్డ్ కలిసి ఇంట్లోనే గిటార్ చేయడం మొదలుపెట్టారు. మెడకు పాత ఫైర్‌ప్లేస్ చెక్క, స్ప్రింగులకు పాత మోటార్‌సైకిల్ వాల్వ్ స్ప్రింగులు, మెడ మీద గుర్తులకు అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు వాడారు. పికప్‌లు కూడా సొంతంగానే చేశాడు గాని, తీగను వంచి వాయిస్తే ఆవాజ్ సరిగా రాలేదు. అప్పుడు మాత్రం దుకాణంలో బర్న్స్ కంపెనీ పికప్‌లు కొన్నాడు. దేనికి ఖర్చు పెట్టాలి, దేనికి అక్కర్లేదు అనే ఫర్క్ ఆ కుర్రాడికి తెలుసు. తర్వాత క్వీన్ బృందంలో అదే గిటార్‌తో దునియా తిరిగాడు.

అమెరికాలో ఎడ్డీ వాన్ హేలెన్ కథా ఇలాంటిదే. 1970లలో లోపం ఉందని పక్కన పెట్టిన ఒళ్లును 50 డాలర్లకు, మెడను 80 డాలర్లకు కొన్నాడు. ఒక పాత గిబ్సన్ గిటార్‌లోని పికప్‌ను తీసి దానికి పెట్టాడు. పికప్ కీచుమనకుండా కరిగించిన మైనంలో ముంచాడు. అప్పటికే మార్చుకునే పికప్‌ల వ్యాపారం మొదలైంది. 1972లో లారీ డిమార్జియో ఆ దుకాణం తెరిచాడు, 1976లో సేమౌర్ డంకన్ కంపెనీ వచ్చింది.

ఇక నకిలీ అన్న మాట. 1970లలో జపాన్ కర్ఖానాలు అమెరికా గిటార్లకు నకళ్లు చేశాయి. 1977లో గిబ్సన్ యాజమాన్యం ఐబనీజ్ గిటార్లు అమ్మే కంపెనీ మీద కేసు కూడా వేసింది. 1982లో ఫెండర్ వేరే తరీఖా పట్టింది. జపాన్ వాళ్లతోనే చేతులు కలిపి, మత్సుమోతోలోని ఫుజిజెన్ కర్ఖానాలో స్క్వయర్ అనే సస్తా బ్రాండు గిటార్లు చేయించింది. ఆ తొలి స్క్వయర్లు ఎంత సాఫ్‌గా ఉన్నాయంటే, ఈ రోజు వాటి కోసం షౌకీన్లు వెతుక్కుంటున్నారు. తర్వాత ఆ పని కొరియాకు, చైనాకు, ఇండోనేషియాకు వెళ్లింది. కర్ఖానా మారినా, కూలి తగ్గినా, మెషిన్ల కోత మాత్రం మెరుగైంది.

ఈ తారీఖ్ అంతా నాకెందుకు పనికొచ్చిందో చెబుతాను. మా ఆపా కూతురు డిగ్రీ చదువుతోంది. చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పి దాచుకున్న పైసలతో ఆరువేలకు ఒక పాత గిటార్ కొనుక్కుంది. నెల తిరగకుండానే ముఖం చిన్నబుచ్చుకుని నా దగ్గరికి వచ్చింది.

"మామూ, ఇది కచ్రా అంట. పికప్‌లు మార్చకపోతే లాభం లేదంట. పదివేలు అవుతుందని దుకాణంలో చెప్పారు."

"మార్చేది తర్వాత బేటా. ముందు దీనికి బీమారీ ఏంటో చూద్దాం" అన్నాను.

మొదట మెడ చూశాం. మెడ లోపల ఇనుప కడ్డీ ఉంటుంది. గిబ్సన్ కంపెనీ 1923లోనే దానికి పేటెంట్ తీసుకుంది. తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి, నడుమ ఏడో ఫ్రెట్ మీద సందు చూడాలి. విజిటింగ్ కార్డు మందం ఉంటే సరిపోతుంది. ఈమె గిటార్‌లో దానికి మూడింతలు ఉంది. కడ్డీని పావు చుట్టు బిగించి, ఆగి, మళ్లీ చూశాం. ఒకేసారి గట్టిగా తిప్పకూడదు. ఆ తర్వాత పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగల ఎత్తు సరిచేశాం. లావు తీగకు రెండు మిల్లీమీటర్లు, సన్న తీగకు ఒకటిన్నర.

తర్వాత సుర్. పన్నెండో ఫ్రెట్ మీద తీగను తాకీతాకనట్టు తాకి మీటితే ఒక స్వరం వస్తుంది, నొక్కి మీటితే ఇంకొకటి. రెండూ ఒకటే కావాలి. నొక్కినది హెచ్చుగా ఉంటే బ్రిడ్జి మీది శాడిల్‌ను వెనక్కి, తగ్గుగా ఉంటే ముందుకు జరపాలి. ఫోన్‌లోని ట్యూనర్ చాలు. ట్యూనింగ్ నిలవట్లేదని కీలను తిట్టుకుంటాం గాని, చాలాసార్లు తప్పు నట్ గాళ్లలో తీగ ఇరుక్కోవడంలో ఉంటుంది. అక్కడ పెన్సిల్ ముల్లు రుద్దాం. వాల్యూమ్ నాబ్ గరగరలాడుతుంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టాం. తుప్పు పట్టిన తీగలు తీసి కొత్తవి వేశాం. మొత్తం ఖర్చు పదకొండు వందలు దాటలేదు.

మీ ఇంట్లో పిల్లలు అడిగితే ఈ సిల్సిలా గుర్తుపెట్టుకోండి. ముందు తీగలు, తర్వాత మెడా బ్రిడ్జి సర్దుబాటు, ఆపైన నట్, ఆపైన కీలు. పికప్‌లు అన్నిటికన్నా చివర. పాత యాంప్లిఫయర్ మరీ చిన్నదైతే, పికప్‌ల పైసలు దాని మీద పెట్టడమే మేలు. పికప్ మార్చాల్సి వస్తే పాతది పారేయకండి. అమ్మేటప్పుడు కొత్త సామాన్ల ధర తిరిగి రాదు, పాతవి బిగించి కొత్తవి విడిగా అమ్ముకోవచ్చు. మెడ మెలి తిరిగినా, కడ్డీ తిరగకుండా బిగుసుకున్నా ఆ గిటార్‌ను కొనకండి. దానికి ఇంట్లో ఇలాజ్ లేదు.

ఆ అమ్మాయి పికప్‌లు మార్చలేదు. పదివేలు సెమిస్టర్ ఫీజుకు పోయాయి. ఆవాజ్ చాలట్లేదని తన చెవికి తెలిసిన రోజు మారుస్తానంది. అదే అస్లీ పరఖ్. బ్రయాన్ మే కూడా ముందు వాయించి, లోపం విని, ఆ తర్వాతే బర్న్స్ దుకాణానికి వెళ్లాడు. చవక వస్తువును కచ్రా అనేముందు దాన్ని ఒకసారి విప్పి చూడటం నేర్పితే, పిల్లలకు గిటార్ ఒక్కటే కాదు, ఫ్యాను, సైకిలు, కుట్టుమెషిను కూడా అర్థమవుతాయి. సికల్‌గర్ల చేతులు కత్తి నుంచి సితార్‌కు మారాయి గాని, వాళ్ల హునర్ ఎక్కడికీ పోలేదు.