జారుడు, జారుడు, జారీ

చేవెళ్ల, మొయినాబాద్ వైపు వానపడ్డ రోజున నల్లరేగడి చేన్లో అడుగుపెడితే మట్టి చెప్పులకు ముద్దలా పట్టుకుంటుంది. మరో అడుగు వేసేలోపే కాలు జర్రున జారుతుంది. రేగడిలోని సన్నటి బంకమన్ను నీళ్లు తాగి ఉబ్బుతుంది. అందుకే దానికి జిగటా ఉంటుంది, జారుడూ ఉంటుంది. నల్లమట్టిని ఇంగ్లీషువాళ్లు ‘రెగర్’ అన్నది మన ‘రేగడ’ను పట్టుకునే.

ఈ ‘జారు’ అచ్చ తెలుగు మాట. పక్కనే కన్నడంలోనూ ‘జారు’ అనే అంటారు. కాలు నుంచి మొదలై అది ఒళ్లంతా పాకింది: చెయ్యి జారింది, గుండె జారింది, నోరు జారింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని సామెత. చప్పుడు చేయకుండా వెళ్లిపోయినవాడు ‘జారుకున్నాడు’.

ఇంతలో ‘జారుడు’ అన్న మాటే ఇంకో ఇంటి నుంచి వచ్చింది. జారచోరుడని కృష్ణుణ్ని అంటారే, ఆ జారుడు. ఇది సంస్కృత ‘జార’ శబ్దం. ప్రియుడన్న అర్థంలో ఋగ్వేదంలోనే ఉంది. శీలం నుంచి జారినవాడు గనుక జారుడని చెబితే వినసొంపుగానే ఉంటుంది గానీ, జారుడుబండకూ ఆయనకూ చుట్టరికం లేదు. అయితే ఇలాంటి ఊహ మరోచోట నిజమైంది. లాటిన్‌లో జారుడుకు ‘లూబ్రికస్’ అని పేరు. దాన్నుంచి ఇంగ్లీషులో యంత్రాలకు వేసే ‘లూబ్రికెంట్’ వచ్చింది, కాముకతను చెప్పే ‘లూబ్రిషస్’ కూడా వచ్చింది.

మూడోది ‘జారీ’. నిజాం కాలపు కచేరీల ఉర్దూలో నానిన మాట. దీని మూలం అరబ్బీ; అక్కడ ప్రవహించేది, నడుస్తున్నది అని అర్థం. ఉత్తర్వు పైనుంచి కిందికి జారుతుంది గనుక ‘జారీ’ అనుకుంటే మళ్లీ పొరపాటే.

నునుపుకు మంచి పేరూ ఉంది. సంస్కృతంలో ‘స్నేహం’ అంటే చమురు, చెలిమి కూడా. స్నిగ్ధమైనదంటే నూనె నిగారింపు ఉన్నదీ, ఆప్యాయత నిండినదీ. తెలుగులోనూ నెయ్యి పక్కనే ‘నెయ్యం’ కూర్చుంది.

మాటల పుట్టుక వెతికేవాడు ధ్వనిని ఒక్కదాన్నే నమ్ముకుంటే పాకుడు రాయి మీద కాలు వేసినట్టే. ఇరుగుపొరుగు భాషల్లో ఆ మాట ఏ అర్థంతో బతుకుతోందో చూసుకుంటేనే కాలు నిలుస్తుంది. వానలో జారుతూ మండలాఫీసుకు చేరిన రైతు, “పత్రం జారీ అయిందా సారూ?” అని అడుగుతాడు. ఆయన కాలికంటిన మాట ద్రావిడం, నోటికొచ్చిన మాట అరబ్బీ.