వెండికి ఊరుంది, పేరు లేదు

ఇంగ్లండులో పాత వెండి సామాను పోగుచేసేవాళ్ళ జేబులో ఎప్పుడూ ఒక చిన్న భూతద్దం ఉంటుంది. చెంచా చేతికి రాగానే ముందు నగిషీ చూడరు, వెనక్కి తిప్పి కాడ మీది ముద్రలు చూస్తారు. నడుస్తున్న సింహం ఉంటే స్టెర్లింగ్, అంటే వెయ్యికి 925 పాళ్ళు వెండి. చిరుతపులి తల ఉంటే లండన్‌లో పరీక్ష చేసినట్టు, లంగరు ఉంటే బర్మింగ్‌హామ్‌లో. ఒక అక్షరం ఉంటుంది, దాని రాతనీ చుట్టూ ఉన్న డాలు ఆకారాన్నీ బట్టి ఏ సంవత్సరమో చెప్పేస్తారు. ఇంకో రెండక్షరాలు చేసినవాళ్ళవి. మన భాషలో చెప్పాలంటే చెంచాతో పాటు దాని మెటాడేటా కూడా వచ్చేస్తుందన్నమాట.

ఇదంతా పనివాడి మీద గౌరవంతో పెట్టిన పద్ధతి అనుకునేరు, కాదు. 1300లో ఒకటో ఎడ్వర్డ్ రాజు, పరీక్ష చేసి చిరుతతల ముద్ర వేస్తే గానీ వెండి సామాను బయటికి పోకూడదన్నాడు. 1363లో ప్రతి కంసాలీ సొంత గుర్తు వెయ్యాలన్నారు. 1478లో సంవత్సరం అక్షరం వచ్చింది. కల్తీ బయటపడితే ఎవడి మెడ పట్టుకోవాలో తెలియాలి, అంతే. అచ్చం మన గిట్ బ్లేమ్!

కానీ తప్పు పట్టుకోవడానికి పెట్టిన ముద్ర చివరికి చరిత్ర అయి కూర్చుంది. హెస్టర్ బేట్‌మన్ అని లండన్‌లో ఒకావిడ. భర్త పోయాక 1761లో తన పేరున ముద్ర నమోదు చేయించుకుంది. ఆవిడకి చదువు రాదంటారు. అయినా ఆ "హెచ్ బి" రెండక్షరాల వల్ల రెండున్నర శతాబ్దాల తరవాత కూడా ఆవిడ పేరు నిలిచింది, ఆవిడ కార్ఖానా చెంచాలకి విడిగా గిరాకీ ఉంది.

ఇక మన దగ్గరికి వద్దాం. హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం చూసినవాళ్ళకి తెలుసు, అక్కడ యూరప్ వెండీ ఉంది, సన్నటి వెండి తీగతో అల్లిన మన సామానూ ఉంది. ఆ తీగ పనికి తెలంగాణలో పేరుపడ్డ ఊరు కరీంనగర్. అంతకుముందు ఎలగందుల. మానేరు ఒడ్డున కోట ఉన్న ఎలగందులే ఒకప్పుడు జిల్లాకి పేరు. 1905లో అది కరీంనగర్ జిల్లా అయింది, పనివాళ్ళు కూడా మెల్లగా కరీంనగర్‌కే చేరారు. నిజాం కాలంలో నవాబులు, జాగీర్దార్లు, దొరలు కొనేవాళ్ళు. ఇత్తర్‌దాన్లు, పాన్‌దాన్లు, పన్నీరు చిలకరించే గులాబ్‌పాష్‌లు, నగల పెట్టెలు, కుంకుమ భరిణెలు.

పని ఎలా జరుగుతుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే అసలు చిక్కు అందులోనే ఉంది. దాదాపు శుద్ధమైన వెండిని కరిగించి కడ్డీ పోస్తారు. దాన్ని సాగగొట్టి, కమ్మచ్చులోని ఒక్కో బెజ్జం గుండా లాగుతారు. ప్రతి బెజ్జం ముందుదాని కన్నా చిన్నది. అలా తీగ వెంట్రుకంత సన్నమయ్యాక రెండు పోగులు కలిపి మెలిపెట్టి, కాస్త చదును చేస్తారు. లావు తీగతో పువ్వుకో నెమలికో చట్రం కట్టి, ఆ ఖాళీల్లో ఈ సన్న తీగని చుట్లు చుట్లుగా పట్టుకారుతో కూరుస్తారు. ఆపైన వెలిగారం, టంకం పొడి చల్లి, మంట ఊది అతుకుతారు. మంట ఒక్క క్షణం ఎక్కువైతే తీగ కరిగి ముద్దయిపోతుంది. రోజుల పని పోయినట్టే, "అన్‌డూ" లేదు.

ఇప్పుడు చెప్పండి, ఇలాంటి వస్తువు మీద ముద్ర ఎక్కడ కొడతారు? అంతా తీగ, మధ్యలో అంతా గాలి. ఇంగ్లీషువాళ్ళకి కూడా ఈ చిక్కు తెలుసు. ముద్రల విషయంలో అంత పట్టుదల ఉన్నవాళ్ళే 1790 చట్టంలో ఫిలిగ్రీ పనికి మినహాయింపు ఇచ్చారు. కాబట్టి మనవాళ్ళు ముద్ర వెయ్యకపోవడం అజ్ఞానం కాదు. పైగా పనివాడు అదే ఊళ్ళో ఉంటాడు, కొనేవాడికి ముఖపరిచయం. పేరు చెక్కాల్సిన అవసరం ఎవరికి కనిపిస్తుంది?

ముఖపరిచయం పోయాక కనిపిస్తుంది. పాత వస్తువు బజారుకి వెళ్ళినప్పుడు కనిపిస్తుంది.

కచ్ సంస్థానంలో, భుజ్‌లో ఊమర్సీ మావ్‌జీ అనే వెండి పనివాడు 19వ శతాబ్దంలో తన వస్తువుల మీద "ఓ ఎమ్" అని కొట్టేవాడు. ఈరోజు లండన్ వేలంపాటల్లో ఆ రెండక్షరాలు కనిపిస్తే పాట ఎక్కడికో పోతుంది. అదే కాలంలో మద్రాసులో పి. ఆర్ అండ్ సన్స్ దేవతా మూర్తులు చెక్కిన "స్వామి" వెండి అమ్మి పేరు తెచ్చుకుంది. ఆ వస్తువుల మీద కంపెనీ పేరుంది, చెక్కిన మన ఆచారి పేరు లేదు. కరీంనగర్ వస్తువు మీద ఆ కంపెనీ పేరు కూడా ఉండదు.

పేరు లేకపోతే ఏమవుతుంది? తూకం మిగులుతుంది. 1980 జనవరిలో, అమెరికాలో హంట్ సోదరులు వెండి పోగేసిన దెబ్బకి ఔన్సు 50 డాలర్ల దాకా వెళ్ళినప్పుడు, ఇంగ్లండులో కూడా పాత వెండి కుప్పలుగా మూసలోకి పోయింది. కానీ హెస్టర్ బేట్‌మన్ చెంచాని కరిగించే ముందు ఎవరైనా ఆగుతారు, వెండి ధర మీద ఆ పేరుకి ఇంకా ధర ఉంది కాబట్టి. వస్తువుకీ మూసకీ మధ్య అడ్డం నిలబడేది ఆ పేరే.

మనదగ్గర 2025లో కిలో వెండి లక్షన్నర దాటింది. పెళ్ళిళ్ళ ముందు పాత వెండి ఇచ్చి కొత్త కంచం తెచ్చుకోవడం ఇళ్ళల్లో మామూలే. మా చుట్టాలింట్లో తాతలనాటి నెమలి ఇత్తర్‌దాన్ ఒకటి ఇలాగే దుకాణానికి వెళ్ళింది. "తీగ పనమ్మా, టంకం ఎక్కువ" అని తరుగు తీసేశారు. తీగ పని తేలిక కాబట్టి తూకం తక్కువ, టంకం ఉంది కాబట్టి ఆ తూకంలోనూ కోత! మజూరీ సంగతి ఎవరూ ఎత్తలేదు. వస్తువులో ఎక్కువ భాగం మజూరీయే కదా, వెండి కొంచెమే.

"జీఐ ట్యాగ్ ఉంది కదా" అంటారేమో. ఉంది, 2007లో కరీంనగర్ వెండి ఫిలిగ్రీకి వచ్చింది. ఆదిలాబాద్ డోక్రాకి 2018లో వచ్చింది. ఉషేగాం, కెస్లాగూడల్లో ఓజాలు మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, లోహం పోసి, చివరికి ఆ మట్టి అచ్చుని పగలగొడతారు. అందుకే ఒకదానిలాంటిది ఇంకోటి ఉండదు. రెండు పనులకీ ట్యాగ్ మంచిదే. కానీ జీఐ చెప్పేది ఊరు. ఇది ఫలానా రిపాజిటరీలోది అంటుంది, కమిట్ చేసిందెవరో చెప్పదు. 2025 సెప్టెంబర్ 1 నుంచి వెండికి కూడా హెచ్‌యూఐడీ నంబరుతో హాల్‌మార్క్ వచ్చింది, ఇష్టమున్నవాళ్ళకే. దాంతో స్వచ్ఛత తెలుస్తుంది, నగల వ్యాపారి తెలుస్తాడు. కమ్మచ్చు ముందు కూర్చున్న మనిషి మాత్రం మళ్ళీ కనపడడు.

నాకు తోచింది చెప్తాను. తీగ మీద ముద్ర కుదరకపోతే పెట్టె అడుగునో, చట్రం వెనకో గోరంత వెండి బిళ్ళ ఒకటి అతికితే చాలు. దాని మీద పనివాడి పేరులో రెండక్షరాలు, సంవత్సరం. పెద్ద ఖర్చేం కాదు. కానీ కొనేవాళ్ళు అడగాలి. గృహప్రవేశానికో, అమెరికాలో మేనేజర్‌కి ఇవ్వడానికో కరీంనగర్ ఫిలిగ్రీ కొనేది ఎక్కువగా మనలాంటివాళ్ళమే. "ఇది చేసిందెవరు?" అని అడగడానికి సిగ్గెందుకు? బిళ్ళ కుదరకపోతే పేరు, ఊరు, తేదీ కాగితం మీద రాయించుకుని పెట్టెలోనే పెట్టండి. ఇంట్లో పాతది ఉంటే మార్పిడికి ఇచ్చే ముందు పెద్దవాళ్ళని అడగండి. ఎవరు చేయించారు, ఎప్పుడు, ఎవరి దగ్గర? నాలుగు ముక్కలు రాసి ఫోటో తీసి దాచండి.

కోడ్‌లో కామెంట్ రాయని వాణ్ణి రివ్యూలో ఉతికి ఆరేస్తాం. మూడు తరాల వెండి మాత్రం ఒక్క కామెంటూ లేకుండా మూసలోకి పోతుంటే చూస్తూ ఊరుకుంటామా?