ఉత్తర సర్కారుల నేతపరిశ్రమ: బేరమునుండి గుత్తకు

ఒక సరకును అమ్మువారెందరు, కొనువారెందరు అను ప్రశ్నతోనే విపణి స్వరూపమును గూర్చిన శాస్త్రచర్చ ప్రారంభమగుచున్నది. అమ్మువాడొక్కడే యైనచో కొనువారికి గలుగు హాని లోకమునకు చిరపరిచితము. కొనువాడొక్కడే యైనచో ఉత్పత్తిదారునకు గలుగు హానిని కేంబ్రిడ్జి విదుషి జోన్ రాబిన్సన్ 1933లో ప్రకటించిన గ్రంథమున శాస్త్రీయముగా నిరూపించినది. కాని కృష్ణా గోదావరీ తీరముల సాలెవారును, దేవాంగులును అంతకు 150 ఏండ్లకు పూర్వమే దానిని తమ మగ్గముల చెంత ననుభవించియుండిరి.

గోలకొండ ప్రభువుల యేలుబడిలో మచిలీబందరు బహుజాతుల వర్తకులకు కూడలి. 1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును వచ్చునప్పటికే పారశీకమునకును, పెగూ, అచే రేవులకును ఓడలు నడపెడివారు అచట నుండిరి. తూర్పుదీవుల జనులు ఐరోపా సరకులకంటె ఈ తీరపు వస్త్రములనే యధికముగా గోరుచుండుటచే, మిరియములు, లవంగములు కావలసిన కుంఫిణీలు ముందుగా నిచట గుడ్డలు కొనవలసివచ్చెను. 1669లో ఫ్రెంచివారును ఈ పోటీలో చేరిరి.

ఆ కాలపు కొనుగోలు పద్ధతి గమనింపదగినది. వర్తకుడు సాలెవానికి ముందుగా బయానా నిచ్చును. ఆ రొక్కముతో నతడు నూలు కొని, గుడ్డ సిద్ధమగువఱకు కుటుంబమును పోషించుకొనును. గుడ్డ వెల పుంజముల లెక్కనుబట్టి యుండెను; 120 పడుగుపోగులు ఒక పుంజము. వెడల్పు మాఱక పుంజములు హెచ్చినకొలది నేత చిక్కనై వెల పెరుగును. దక్కనునుండి లంబాడీల యెడ్లమీద వచ్చెడి ప్రత్తియు, తినెడి ధాన్యమును ప్రియమైనప్పుడు సాలెవాడు హెచ్చు ధర నడుగగలిగెను. ఇంకొకడు మేలైన ధర నిచ్చినచో, మొదటివాని బయానా తిరిగి చెల్లించి ఒడంబడికనుండి విడివడుట ఆచారసమ్మతమై యుండెను. ఏ శాసనమును అతనికి ఈ బలము నీయలేదు. కొనగోరువారు పలువురుండుటచేతనే యది కలిగెను.

పదునెనిమిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఆ పలువురును క్రమముగా తొలగిరి. 1759లో కర్నల్ ఫోర్డ్ మచిలీబందరు కోటను ఫ్రెంచివారినుండి గెలిచెను. 1765 నాటి మొగలు ఫర్మానాచేతను, 1766 నాటి నిజాము సంధిచేతను ఈ తీరప్రాంతమగు ఉత్తర సర్కారులు ఆంగ్ల కుంఫిణీ వశమయ్యెను. యానాములోని ఫ్రెంచివారును, పాలకొల్లు, ద్రాక్షారామములలోని డచ్చివారును ఐరోపా యుద్ధములలో తమ స్థావరములను గోల్పోవుచు పోటీకి నిలువలేకపోయిరి. శిస్తు వసూలు చేయు ప్రభుత్వమే గుడ్డలు కొను వర్తకుడు నయ్యెను. దేశీయ వర్తకులను తప్పించి గుమాస్తాల ద్వారా నేతగాండ్రకే బయానాలిచ్చి, తన బాకీ తీరువఱకు ఒరులకు నేయరాదని కట్టడి చేసెను. ఆలస్యమైనచో ఇంట బంట్రోతును నిలిపి వాని బత్తెమును సాలెవానిపైననే మోపెను. నాణ్యము చాలదని త్రోసిపుచ్చిన గుడ్డ వాని ఋణమును పెంచెను. వెనుక ఆసరాగా నుండిన బయానా ఇట్లు బంధనమయ్యెను. 1798లో గోదావరీ ప్రాంతపు నేతగాండ్రు దీనిని ఎదిరించి మొఱలిడిరి.

వర్తకసంఘమే పాలకుడగుట ప్రజలకు మహానర్థమని ఆడం స్మిత్ 1776లోనే ఎలుగెత్తి చెప్పెను. 1813లో పార్లమెంటు భారత వర్తకమున కుంఫిణీకి గల గుత్తను తొలగించి, 1833లో దాని వర్తకమునే మాన్పించెను. కాని యప్పటికి సాలెవానిని ఆదుకొను పూర్వపు వర్తకులు లేరు. లాంకషైరు మరనేత మాత్రము వాకిట నిలిచియుండెను. యంత్రమే మన నేతను చెఱచెనని చెప్పుట వాడుక. యంత్రము రాకమునుపే నేతగాని బేరశక్తి నశించెననియు, ఆ నాశనము రాజ్యాధికారము వర్తకముతో నేకమగుటవలన గలిగెననియు నా నిశ్చయము. కావున నేటి నేతగాని క్షేమమునుగాని, పొగాకు రైతు క్షేమమునుగాని కోరువారు, వాని సరకునకు పలుకు ధరను విచారించుటకు ముందు, ఆ ధర నచ్చనిచో వాడు మఱియెవ్వరియొద్దకు పోగలడో విచారింపవలయును.